అడిగే తీశాను

చేటలో బియ్యం చెరుగుతున్నాను. మట్టిబెడ్డలు ఏరేసి, కడుగుదామని తప్పేలాలో పోయబోతుంటే పొయ్యి దగ్గర్నించి అత్తయ్య “పిడికెడూ” అని కేకేసింది. నేను మర్చిపోతానని ఆవిడ భయం. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నించీ ఒక్క పూట కూడా మర్చిపోలేదు. అయినా కేకేస్తుంది. పిడికెడు బియ్యం తీసి గోడవారనున్న చిన్న కుండలో వేశాను.

మా పేటలో ప్రభువుని నమ్ముకున్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కుండ ఉంటుంది. ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడికని పిడికెడు బియ్యం అందులో వేస్తాం. ఆదివారం ఆడవాళ్ళందరూ ఆ బియ్యం కొంగున కట్టుకుని ప్రార్థన గుడికి తెస్తారు. మా మావయ్యగారు దేవదానంగారు సంఘపెద్ద. అందుకని పేటలో బియ్యమంతా మా ఇంటి వెనకగదిలో ఉన్న పెద్ద బానలో పోస్తారు. ఏలూరు నించి గురువుగారు పడవ మీద వచ్చి, గుడిలో బల్ల దగ్గర రొట్టే ద్రాక్షరసం పంచి ప్రభు భోజనం ఇచ్చినప్పుడల్లా ఆ బాన ఖాళీ చేసి, బియ్యం అమ్మి, గుడి కప్పు నేయించడానికీ బళ్ళో పంతులుగారికీ వాడతారు.

ఈసారి వరదల మూలాన గురువుగారు వచ్చి చాన్నాళ్ళయింది. బుడమేరూ తమ్మిలేరూ ఒక్కసారే వచ్చి మీద పడితే కొల్లేరు లేచి మా పేట అంచుదాకా వచ్చింది. ఇప్పుడు నీళ్ళు తీశాయి. రేపు ఆదివారం ప్రభు భోజనం. గురువుగారి పడవ ఇవాళ మధ్యాహ్నానికి వస్తుందని కబురొచ్చింది.

బానలో ఉండాల్సిన బియ్యం లేవు. అడుగున కాసిని ఉన్నాయంతే. ఆ సంగతి అత్తయ్యకి తెలుసు, నాకు తెలుసు. మావయ్యగారికి తెలీదు.

“పడవ రాకముందే మావయ్యగారితో చెప్పెయ్యకూడదూ అత్తయ్యా?” అన్నాను.

“చెప్తాలే. అన్నం తిననీ. ఖాళీ కడుపు మీద చెప్తే ఆయనకి కోపం రెండింతలవుద్ది.” పొయ్యిలోకి ఎండు తుంగ తోస్తూ, గొంతు కొంచెం తగ్గించి, “నువ్వూ ఇక్కడే ఉండు నాయనా చెప్పేటప్పుడు. నన్నొక్కదాన్నే వదిలెయ్యకు” అంది.

ఆ రెండో మాట నాతో కాదు.

అత్తయ్య దేవుడితో అలాగే మాట్లాడుతుంది. నేను కాపరానికొచ్చిన కొత్తలో దొడ్లో ఎవరో ఉన్నారనుకుని తొంగి చూశాను. ఎవరూ లేరు. ఆవిడ బొమ్మిడాయిలు తోముతూ, “చాల్లే నాయనా వాన. చేపలకి నీళ్ళు చాల్లేదని నీకెవరన్నా అర్జీ పెట్టుకున్నారా?” అంటోంది. మా ఉంగుటూరు వైపు మిషను బళ్ళో నేను అయిదో క్లాసు దాకా చదివాను. ప్రార్థనలన్నీ తప్పు లేకుండా ఒప్పజెప్పేదాన్ని. దేవుడితో అలా కూడా మాట్లాడొచ్చని నాకెవరూ చెప్పలేదు.

మావయ్యగారి తీరు వేరు. ఆయన నిలబడి కళ్ళు మూసుకుని “మహోన్నతుడవైన తండ్రీ” అని ఎత్తుకుంటే మాట మాటా అచ్చేసినట్టు వస్తుంది. పేటంతా ఆమెన్ అంటుంది. అత్తయ్య మాటలకి మాత్రం పేటంతా నవ్వుతుంది. పక్కింటి సరోజ అయితే ఎదురుపడినప్పుడల్లా, “దేవుడేమన్నా మీకు వేలువిడిచిన మేనమామా వదినా, అంత చనువు?” అంటుంది. “వేలు విడవలేదే ఇంకా” అంటుంది అత్తయ్య.

మావయ్యగారు వచ్చి పీట మీద కూర్చున్నారు. అత్తయ్య చేపల పులుసు వడ్డించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు నిలబడి, “ఏవండీ, మీతో ఒక మాట చెప్పాలి” అంది. ఆయన రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటున్నారు. అంతలోనే రేవులోంచి కేకలు వినపడ్డాయి. పడవ ముందే వచ్చేసింది.

“ఏ మాటైనా తర్వాతే” అని ఆయన చెయ్యి కడుక్కుని పరుగున వెళ్ళిపోయారు. అత్తయ్య ఆ కంచం వంక చూస్తూ ఉండిపోయింది.

* * *

యెషయా గురువుగారు ముసలాయన. రేవులోని బురద ఇంకా ఆరని కాళ్ళతో మా వాకిట్లో మంచం మీద కూర్చుంటే మావయ్యగారే నీళ్ళు పోసి కడిగారు. వారం రోజులుగా చలిజ్వరమట, శాలువా తియ్యలేదు. పేట ఆడామగా వాకిట్లో చేరారు.

“వరదల్లో కూడా మనవాళ్ళు పిడికెడు మానలేదండి గురువుగారూ. దుంపలు తిని బతికారు గానీ దేవుడి కుండలో వెయ్యడం మానలేదు. మీరే చూద్దురు గాని” అన్నారు మావయ్యగారు. ఆ మాటన్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆయనా సరోజ పెనిమిటీ వెనకగదిలోకి వెళ్ళారు. బాన ఎత్తడానికి చెరో పక్కా వంగి బలం పెట్టారు. అది అంత తేలిగ్గా లేస్తుందనుకోలేదు, ఇద్దరూ వెనక్కి తూలారు. మావయ్యగారు మూత తీసి లోపలికి చూశారు. చెయ్యి పెట్టి అడుగు తడిమారు.

“పందికొక్కులేమో బావా” అన్నాడు సరోజ పెనిమిటి.

ఆ మాట అక్కడితో వదిలేస్తే సరిపోయేది. వరదల్లో పందికొక్కులు బియ్యం తినెయ్యని ఇల్లు లేదు. ఎవరూ అనుమానించరు. నేను అత్తయ్య ముఖం వంక చూశాను. ఆవిడ అప్పటికే గడప దాటింది.

“పందికొక్కులు కాదురా అబ్బాయ్. నేనే తీశాను.”

“తీశావా?” అన్నారు మావయ్యగారు. “తీసి?”

“పాపాయమ్మకిచ్చాను.”



పాపాయమ్మ మా పేట మనిషే. కిందటి వేసవిలో కూతురికి అమ్మవారు పోసి ఒళ్ళంతా కాలిపోతుంటే, పాపాయమ్మ మొగుడు భయపడి గంగానమ్మకి కోడిని కోశాడు. పిల్ల బతికింది. తర్వాతి ఆదివారం మావయ్యగారు గుడిలో లేచి నిలబడి వాళ్ళిద్దరి పేర్లూ చెప్పారు. సంఘం వాళ్ళని వెలి పెట్టింది. వాళ్ళ ఇంటికి ఎవరూ వెళ్ళకూడదు, వాళ్ళతో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండకూడదు. వాళ్ళ పాక కొల్లేటి ఒడ్డునే. వరదలో అదే ముందు పడిపోయింది.

ముందుగా నోరు తెరిచింది సరోజ. “నా పిల్లల నోటి దగ్గర తీసి వేసిన పిడికెడది వదినా” అంది. ఆ గొంతులో ఆటపట్టించడం లేదు. “దేవుడికని వేశాను. కోడిని కోసినోళ్ళ పొయ్యిలోకి కాదు.”

సరోజ అన్నది నిజమే మరి.

గురువుగారు అత్తయ్యని దగ్గరకి రమ్మన్నారు. “దొంగతనమని నేననడం లేదమ్మా కృపమ్మా. అది సంఘం సొమ్ము. ఎవర్నడిగి తీశావు?”

“ఆయన్నే అడిగానండి.”

గురువుగారు మావయ్యగారి వంక చూశారు. “దేవదానాన్నా?”

“కాదండి. బియ్యం ఎవరివో ఆయన్ని.”

* * *

అత్తయ్య అలా అడిగిన రోజు నేను పక్కనే ఉన్నాను. మావయ్యగారు గట్టు తెగకుండా చూడ్డానికి మగవాళ్ళతో వెళ్ళారు. మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. తాడేపల్లిగూడెం మిల్లులో పనిచేసే మా ఆయన పంపే బస్తా వరదకి ఎక్కడో ఆగిపోయింది. మేమూ కలవదుంపలు ఉడకేసుకుని తింటున్నాం. దొడ్డి వైపు నించి పాపాయమ్మ వచ్చింది. లోపలికి రాలేదు. మా చూరు కింద కూడా నిలబడలేదు. వానలో నిలబడి, “పిల్ల నిన్నట్నించీ లేవట్లేదు వదినా” అంది. అంతే. ఇంకేమీ అడగలేదు.

అత్తయ్య నన్ను చేట తెమ్మంది. వెనకగదిలోకి వెళ్ళి బాన మూత మీద చెయ్యి వేసింది. వేసి తియ్యలేదు.

“నాయనా, ఇవి నీవి. నావి కావు, మా ఆయనవి కావు. అడుగుతున్నాను. వద్దంటే చెప్పు, ఇలాగే పక్కకి తప్పుకుంటాను. దానికి ఏదో ఒకటి చెప్పి పంపేస్తాను.”

అలా అని నిలబడింది. నేను చేట పట్టుకుని నిలబడ్డాను. బయట వాన, దూరంగా గట్టు మీద మగవాళ్ళ కేకలు. ఎంతసేపో తెలీదు గానీ నాకు చేతులు నొప్పి పుట్టాయి. అత్తయ్య కళ్ళు మూసుకోలేదు. ఎవరన్నా గదిలోకొచ్చి గోడకానుకుని ఆలోచిస్తుంటే, వాళ్ళు తేల్చుకునే దాకా మనం ఎలా ఎదురు చూస్తామో అలా చూసింది. తర్వాత మూత తీసింది.

నీళ్ళు తీసేదాకా పాపాయమ్మ వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ అత్తయ్య మళ్ళీ కొత్తగా అడిగింది. ఒకసారి అడిగి ఎప్పటికీ సరిపెట్టుకోలేదు.

* * *

“మరి ఆయన సరేనన్నాడా?” అని గురువుగారు అడుగుతున్నారు.

“అనలేదండి.”

“అనకపోతే?”

“ఊరుకున్నాడండి. ఆయన ఊరుకోవడంలో తేడాలుంటాయండి. వద్దనుకుంటే నాకు చెయ్యి ముందుకి రాదు. ఆ రోజు వచ్చింది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. “రేపు నాకూ వస్తుంది చెయ్యి ముందుకి” అని వెనక నించి ఓ గొంతు. గురువుగారు నవ్వలేదు. చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమన్నారు.

“నేను నిన్ను అబద్ధాలకోరని అనుకోవడం లేదమ్మా. కానీ నా బాధ కూడా చూడు. రేపు ఇంకొకడు ఆ బియ్యం అమ్మి కల్లు తాగొచ్చి, అడిగాను, దేవుడు ఊరుకున్నాడు అంటాడు. వాడికి నేనేం జవాబు చెప్పాలి?”

అత్తయ్య “నాకు తెలీదండి” అంది.

గురువుగారి చూపు నా మీద పడింది. “అమ్మాయ్, నువ్వు అక్కడున్నావా?”

“ఉన్నానండి. చేట పట్టుకున్నది నేనే.”

“దేవుడి మాట నీకేమైనా వినపడిందా?”

అందరూ నా వైపు తిరిగారు. మావయ్యగారు కూడా. ఔనను, అని అడుగుతున్నట్టుంది ఆ చూపు. ఇంకొక మనిషి సాక్ష్యం చెప్తే గురువుగారు వెనక్కి తగ్గుతారని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

“అత్తయ్య అడగడం విన్నానండి. జవాబు నాకు వినపడలేదు.”

మావయ్యగారు తల దించేసుకున్నారు.

గురువుగారు శాలువా దగ్గరగా లాక్కుని లేచారు. “తప్పయిపోయిందని రేపు సంఘం ముందు ఒక్క మాట అనమ్మా. నా చేత్తో నేనే నీకు రొట్టె ఇస్తాను. అనలేకపోతే బల్ల దగ్గరికి రావద్దు.” ఆ తర్వాత మావయ్యగారి భుజం మీద చెయ్యి వేసి, మెల్లగానే గానీ అందరికీ వినపడేలా అన్నారు: “ఆమె అనకపోతే మొదటి పాట కాగానే నువ్వే లేచి పేరు చెప్పాలి దేవదానం. పాపాయమ్మకొక న్యాయం, నీ ఇంటికొక న్యాయం అయితే ఈ సంఘం నిలవదు.”

“చిత్తమండి” అన్నారు మావయ్యగారు.

* * *

సాయంత్రం దొడ్లో గిన్నెలు తోముతూ అత్తయ్యతో అన్నాను. “నా మూలాన ఇంతైంది. వినపడిందంటే పోయేది.”

“నువ్వెక్కడ అనేస్తావోనని నా గుండె దడదడలాడిపోయింది” అంది అత్తయ్య. “నాకోసం అబద్ధమాడితే ఆ పాపం కూడా నా నెత్తినే ఉండేది. బతికించావు.”

“పోనీ మీరు అనెయ్యండి అత్తయ్యా. ఒక్క మాటే కదా. గురువుగారు మంచివారు. అంతటితో అయిపోతుంది.”

“మాటకేముందే. అనడానికి నోరు తిరక్కపోదు.” బూడిద చేత్తోనే నుదురు తుడుచుకుంది. “నేను అనేటప్పుడు ఆయన కూడా అక్కడే ఉంటాడు కదా. విని ఏమనుకుంటాడు? అవసరానికి నన్నడిగింది, ఇవాళ నలుగురిలో నన్నెరగనంటోంది అనుకోడూ? అలా అన్నాక మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చుని ఏ ముఖంతో పిలుస్తాను?”

“బల్లకి దూరం పెడతారు కదా మరి.”

ఆవిడ కళ్ళనీళ్ళు బూడిద మీద పడ్డాయి. “అదొక్కటే బెంగ నాకు. ఆ చిన్న ముక్క చేతిలో పెట్టినప్పుడు, కన్నతల్లి కలిపి పెట్టినట్టుంటుందే నాకు. అమ్మ చిన్నప్పుడే పోయింది కదా.” ముక్కు చీది, గిన్నె బోర్లించి, “చూడు నాయనా, ఈ ముసల్దాన్ని ఏడిపించావు” అంది. కోపంగానే అంది.

మావయ్యగారు పొద్దు గుంకేవేళకి వచ్చారు. కాళ్ళు కడుక్కోలేదు. దొడ్డిగుమ్మంలోనే నిలబడ్డారు. నేను లోపలికి వెళ్ళబోతే, “ఉండమ్మాయ్. ఇందులో దాపరికమేముంది” అన్నారు.

“నన్నెందుకడగలేదే?” అన్నారు అత్తయ్యతో.

“మీరు వద్దంటారని.”

“వద్దంటే?”

“వద్దన్నాక ఇస్తే మీ మాట కాదన్నట్టు. ఇవ్వకపోతే ఆ పిల్ల పోతుంది. రెండూ నా వల్ల కాలేదండీ.”

“ఇన్నేళ్ళ కాపరంలో నన్ను అంతే ఎరుగుదువా?”

ఆయన ముఖం చూస్తే ఎవరో కొట్టినట్టుంది.

“రేపు నేను లేచి నీ పేరు చెప్పాలి. గురువుగారు అన్నదాంట్లో తప్పు లేదు. పాపాయమ్మ మొగుడు నా కాళ్ళు పట్టుకుంటే నేను విడిపించుకుని పేరు చెప్పాను. నీ పేరు చెప్పకపోతే నేను మనిషిని కాదు.”

“చెప్పండి.”

“ఎంత తేలిగ్గా అంటావే!”

“తేలిగ్గా అనట్లేదండీ. ఇంకేం చెయ్యమంటారు?”

ఆయన గుమ్మంలో కూలబడ్డారు. నేనెప్పుడూ ఆయన నేల మీద అలా కూర్చోవడం చూడలేదు. కాసేపటికి అన్నారు, “నేను ఈ గుడికి ఇటుకలు మోశాను. ఒక్క ఆదివారం మానలేదు. ఎంత ప్రార్థన చేశాను! నా ప్రార్థనకి ఊరు ఊరంతా కదిలేది. నాతో ఒక్కసారీ ఆయన మాట్లాడలేదు. నీతో మాట్లాడతాడా? తుంగ పొగలో కూర్చున్నదానితో?” ఎగతాళిగా మొదలుపెట్టారు. చివరికొచ్చేసరికి అందులో ఎగతాళి లేదు. “పోనీ నువ్వే అడుగు. రేపు నన్నేం చెయ్యమంటాడో నువ్వే అడిగి చెప్పు. నువ్వేం చెప్తే అదే చేస్తాను.”

అత్తయ్య ఇప్పుడు ఏం చెప్పినా చెల్లుతుంది. పేరు చెప్పొద్దన్నాడండీ అంటే ఆయన చెప్పరు. ఆవిడ బల్ల ఆవిడకి మిగులుతుంది.

“నేనడగను” అంది అత్తయ్య.

“ఏం?”

“మీ సంగతి మీరే అడగాలి. నేనడిగి చెప్తే అందులో సగం నా మాటే ఉంటుంది. ఆయన మీకేం కొత్తవాడు కాదుగా.”

“నాకు కొత్తవాడేనే” అన్నారు మావయ్యగారు. మెల్లగా అన్నారు.

లేచి దొడ్డిదారినే కొల్లేటి వైపు వెళ్ళిపోయారు. చీకటి పడ్డాక వచ్చి, అన్నం వద్దని, ముసుగు పెట్టి పడుకున్నారు. నిద్రపోలేదని మంచం కిర్రుమనడం వల్ల తెలుస్తూనే ఉంది.

* * *

ప్రభు భోజనం రోజు పొద్దున్న మా పేటలో ఏ ఇంటా పొయ్యి వెలగదు. బల్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళు అంతకు ముందు ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తప్ప. గుడి నించి వచ్చాకే వంట. ఏమైనా తిన్నవాళ్ళు ఆ రోజుకి బల్ల వదులుకున్నట్టే. చంటిపిల్లలకి కూడా ముందు రోజు అన్నమే పెడతారు.

తెల్లారుతుండగా నేను నీళ్ళకి వెళ్ళాను. ఒడ్డున కొంగలు తప్ప ఎవరూ లేరు. బిందె ముంచబోయి ఆగాను. అత్తయ్యలా ఒకసారి పిలిచి చూద్దామనిపించింది. నాయనా అనడానికి నోరు రాలేదు. మహోన్నతుడా అంటే అది మావయ్యగారి మాట. ఏమనాలో తెలీక, “నేను జీవరత్నాన్నండి” అన్నాను. “దేవదానంగారి కోడల్ని.” అనేసరికి నాకే సిగ్గేసింది. అయినా పూర్తి చేశాను. “అత్తయ్యని వదిలెయ్యకండి.” ఏ జవాబూ రాలేదు. కానీ గాలిలోకి మాట్లాడినట్టు లేదు. అది మాత్రం నిజం. బిందె ముంచుకుని లేచేసరికి, ఒడ్డు పొడుగునా కొంచెం దూరంలో మావయ్యగారు కనపడ్డారు. మోకాళ్ళ మీద లేరు. కళ్ళు మూసుకోలేదు. పెదాలు కదలడం లేదు. ఊరికే చతికిలబడి నీళ్ళకేసి చూస్తున్నారు. నేను చప్పుడు చెయ్యకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య పొయ్యి రాజేస్తోంది.

“అత్తయ్యా! ఇవాళ పొయ్యేమిటి?”

“నాకు బల్ల లేదుగా. తప్పని అననప్పుడు, ఉపాసమున్నట్టు పదిమందికీ కనపడ్డమెందుకు? అదొక నాటకం. గంజి కాచుకుంటాను. నువ్వు ముట్టకు, స్నానం చేసి గుడికెళ్ళు.”

పొగ మా కప్పులోంచి పైకి లేచింది. పేట మొత్తం మీద అదొక్కటే పొగ. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. సరోజ గోడ మీంచి తల పెట్టి, “నిజంగానే ఎసరు పెట్టారా వదినా!” అంది. ఈసారి దాని గొంతులో భయం ఉంది. “ఇప్పటికైనా ఆ మాట అనేద్దురూ. బియ్యం పోతే పోయాయి, మీరు లేకుండా నేను బల్ల దగ్గర ఎవరి పక్కన కూర్చోను?”

“ఎవరి పక్కనైనా కూర్చోవే. ఆయన అందరి పక్కనా ఉంటాడు” అంది అత్తయ్య. అని పొయ్యి ఊదడానికి వంగింది. పొగకో మరి దేనికో కళ్ళు తుడుచుకుంది.

మొదటి గంట కొట్టారు. తెల్లబట్టలు కట్టుకుని జనం గుడి వైపు నడుస్తున్నారు. మావయ్యగారు దొడ్డిదారిన వచ్చారు. పంచె అంచులు తడిసి ఉన్నాయి. పొయ్యి వంక చూశారు. పొయ్యెందుకు రాజేశావని అడుగుతారనుకున్నాను. అడగలేదు. ఆయన గిన్నె పట్టుకునే మనిషి. గురువుగారు రొట్టె ఇస్తూ ముందు నడిస్తే, ద్రాక్షరసం గిన్నె పట్టుకుని వెనక నడిచేది ఆయనే. ఆ పని ఆయన్ని తప్ప ఇంకెవర్నీ చెయ్యనివ్వలేదు ఈ పేటలో.

“నాకు మాట్లాడ్డం చేతకాలేదే” అన్నారు అత్తయ్యతో. “ఏమనాలో తెలీలేదు. ఊరికే కూర్చున్నాను.”

అత్తయ్య గరిటె పట్టుకుని ఆయన్నే చూస్తోంది.

“పెట్టు” అన్నారాయన.

“ఏంటండీ?”

“గంజి. నాక్కూడా పెట్టు.”

“మొదటి గంట కొట్టారండీ” అంది అత్తయ్య. “మీరు వెళ్ళాలి. మీరు గిన్నె పట్టుకోవాలి.”

ఆయన చెయ్యి చాపి అలాగే ఉంచారు. అత్తయ్య కదల్లేదు. కాసేపటికి నావైపు తిరిగింది, నన్ను ఏదైనా చెప్పమన్నట్టు. చివరికి గిన్నెలో గంజి పోసి, ఉప్పు వేసి ఇచ్చింది.

ఆయన అక్కడ కూర్చుని తినలేదు. గిన్నె పట్టుకుని వీధిలోకి వచ్చి, అందరికీ కనపడేలా అరుగు మీద కూర్చున్నారు. గుడికి వెళ్ళేవాళ్ళంతా నిలబడిపోయారు. సరోజ పెనిమిటి, “బావా, ఏంటిది?” అని అరిచాడు. మావయ్యగారు తల ఎత్తలేదు. వేడి గంజి ఊదుకుంటూ, తొందర లేకుండా, చివరి మెతుకు దాకా తాగారు. గిన్నె పక్కన పెట్టారు. వెలి పెట్టిన వాళ్ళ పేర్లు చదివే మనిషి, తన భార్య పేరు చెప్పబోయే ముందు తన బల్ల తనే వదులుకున్నాడని పేటలో చిన్నపిల్లకి కూడా అర్థమైంది. గుడిలో లేచి ఆవిడ పేరు ఒక్కటే చెప్తారో, పక్కన తన పేరు కూడా చెప్తారో, ఇంకేమైనా అంటారో నాకు తెలీదు. అత్తయ్య గడప పట్టుకుని నిలబడింది. దేవుడితో కూడా ఏమీ అనలేదు.

రెండో గంట మొదలైంది. మావయ్యగారు లేచి, తడి చెయ్యి పంచెకి తుడుచుకుని, అత్తయ్య ముఖంలోకి ఒక్కసారి చూశారు. తర్వాత అరుగు దిగి, గుడి వైపు నడిచి వెళ్ళిపోయారు.